సిక్స్‌ప్యాక్ అన్న చెప్పిన డైట్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

హన్మకొండలో పొద్దున్నే భద్రకాళి బండ్ మీద కాసేపు నడిస్తే చాలు, ఊళ్లో ఎన్ని రకాల డైట్లు నడుస్తున్నాయో తెలిసిపోతుంది. ఒకాయన ఉప్పు మానేసి ఆర్నెల్లయిందంటాడు. ఆయన పక్కన నడిచే దోస్తు రాత్రి భోజనం బంద్ పెట్టాడు. అన్నం ముట్టనని ఒట్టేసుకున్న పెద్దమ్మ, జొన్నరొట్టె తింటే షుగర్ రానే రాదని వాదించే బాబాయి ప్రతి ఇంట్లో ఒకరైనా ఉన్నారు. ఎవరు చెప్పారంటే "యూట్యూబ్‌ల చూసిన" అంటారు. నయీంనగర్ జిమ్ములకు పోయే కాలేజీ పిల్లలను అడిగినా అంతే. కాకపోతే వాళ్లది ఇన్‌స్టా, మాట్లాడేది ప్రోటీన్ డబ్బాల గురించి.

ఈ ముచ్చట్లన్నీ చివరికి ఒక ప్రశ్న దగ్గరికే వస్తాయి: "అన్నా, ఆయన మంచోడేనా? నమ్మొచ్చా?"

ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకదు. ఎందుకంటే అది మనిషి గురించి అడుగుతోంది. అదే మనిషి పది నిమిషాల వీడియోలో స్క్వాట్ ఎలా చేయాలో చక్కగా చూపిస్తాడు, పదకొండో నిమిషంలో థైరాయిడ్‌కు కషాయం చెప్తాడు. మొదటిది ఏళ్ల తరబడి చేసిన పని, రెండోది ఎక్కడో విన్న మాట. రెండింటికీ ఒకే గొంతు, ఒకే ధీమా. ఎనుమాముల మార్కెట్లో పత్తి కొనేవాళ్లు రైతు ముఖం చూసి రేటు కట్టరు, పత్తిలో తేమ మీటర్ పెడతారు. తేమ 12 శాతం దాటితే ఎంత మంచి రైతు తెచ్చినా పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ తీసుకోదు. వీడియోలో వినే మాటలను కూడా ఒక్కొక్కటిగా అలాగే చూడాలి.

మరి మీటర్ ఏది? నా వరకు ఒకటే: ఈ మాట తప్పయితే నాకు ఏం పోతుంది? రోజూ అరగంట నడవమన్న మాటకు పెద్ద రుజువు అక్కర్లేదు, తప్పయినా పోయేదేం లేదు. నాలుగు వేల రూపాయల డబ్బా కొనమంటే కొంచెం గట్టిగా అడగాలి. గోళీలు ఆపేయమంటే మాత్రం చెప్పేవాడు ఎవరైనా సరే, ఎంతమంది సబ్‌స్క్రైబర్లున్నా సరే, వీడియో దగ్గర నిర్ణయం తీసుకోకూడదు.

అక్కడి నుంచే మొదలుపెడదాం. మన దగ్గర అసలు ప్రమాదం జిమ్ముల్లో కన్నా ఇళ్లల్లోనే ఎక్కువుంది.

షుగర్ "పోవడం" వెనక లెక్క

వైద్య పరిశోధనలు చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్లు. ఇంత పెద్ద గిరాకీ ఉన్నచోట "నెలలో షుగర్ మాయం" అనే వీడియో రాకుండా ఉంటుందా? దీంట్లో చిక్కేంటంటే, ఆ వీడియోలు చెప్పేది పూర్తి అబద్ధం కాదు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పేరుతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. రోజుకు సుమారు 850 కేలరీల తిండితో మూడు నుంచి ఐదు నెలలు ఉంచి, తర్వాత మెల్లగా మామూలు భోజనానికి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. 2017లో ఈ ఫలితం బయటికొచ్చినప్పుడు డాక్టర్లే ఆశ్చర్యపోయారు.

వీడియో ఇక్కడితో ఆగుతుంది. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఆ ప్రయోగంలోకి తీసుకున్నది షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లను, ఇన్సులిన్ వాడనివాళ్లను. మొదటి రోజే మందులు ఆపించారు కానీ ఆపించింది డాక్టర్లు, ఆ తర్వాత కనిపెట్టుకుని ఉన్నదీ వైద్య సిబ్బందే. రెండేళ్లకు ఆ 46 శాతం 36కు తగ్గింది. అంటే పదిహేనేళ్లుగా షుగర్ ఉండి, బీపీకి కూడా గోళీలు వేసుకుంటున్న మన పెద్దనాయనకు ఈ లెక్క అలాగే వర్తించదు.

ఇప్పుడు మన ఇళ్లల్లో జరిగేది చూడండి. చాలామంది వాడే గ్లిమెపిరైడ్ గోళీ, తిన్నా తినకపోయినా క్లోమం నుంచి ఇన్సులిన్‌ను పిండుతుంది. గోళీ వేసుకుని వీడియో చూసి ఉపవాసం మొదలుపెడితే షుగర్ పడిపోయి చెమటలు పట్టడం, మనిషి తూలిపోవడం, ఒక్కోసారి స్పృహ తప్పడం జరుగుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో రకం గోళీలున్నాయి, ఇవి ఎక్కువైన చక్కెరను మూత్రంలో పంపిస్తాయి. ఇవి వాడుతూ అన్నం, రొట్టె పూర్తిగా మానేసి కొవ్వు మీదే బతికితే కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. అన్నిటికన్నా మోసం ఏంటంటే, అప్పుడు మీటర్లో షుగర్ పెద్దగా ఎక్కువ చూపించకపోవచ్చు. ఇంట్లోవాళ్లు "షుగర్ మంచిగనే ఉన్నది గదా" అనుకుంటారు. ఉప్పు పూర్తిగా మానేసి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగమనే సలహా కూడా అలాంటిదే. బీపీకి నీరు తీసే గోళీ వాడే ముసలివాళ్లలో రక్తంలోని ఉప్పు (సోడియం) పడిపోయి మాట తడబడుతుంది, మతిమరుపులా కనిపిస్తుంది.

వీడియోలో చెప్పినాయన చెడ్డోడని దీనర్థం కాదు. మీరు ఏ గోళీ వేసుకుంటున్నారో ఆయనకు తెలియదు, అంతే. లక్షమందికి ఒకేసారి చెప్పే మాటలో మీ మందుల చీటీ ఉండదు.

కాబట్టి ఒక గుర్తు మాత్రం నేను గట్టిగా నమ్ముతాను. ఒక డైట్ గురించి చెప్పేవాడు అది ఎవరికి పనికిరాదో కూడా చెప్తున్నాడా? గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, ఇన్సులిన్ వాడేవాళ్లు దీని జోలికి పోవద్దని వీడియో మొదట్లోనే అంటే, ఆయనకు విషయం తెలుసన్నమాట. అందరికీ, అన్ని జబ్బులకూ, ఏ వయసుకైనా అంటే అక్కడే ఫోన్ పక్కన పెట్టొచ్చు.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. షుగర్, క్యాన్సర్, ఊబకాయం లాంటి జబ్బులను నయం చేస్తుందని మందును ప్రచారం చేయడం మన దేశంలో 1954 నుంచే నేరం. డెబ్భై ఏళ్లు దాటిన చట్టం అది. ఆ ప్రచారాలు అప్పుడు గోడల మీద ఉండేవి, ఇప్పుడు ఫోన్లోకి వచ్చాయి.

కండలు చూపించి నమ్మించడం

జిమ్ వీడియోల్లో రుజువు పేరుతో కనిపించేది ఒంటి మీది కండలే. "నన్ను చూడండి, ఇదే నా డైట్." చూడటానికి బలంగానే ఉంటుంది గానీ రుజువుగా ఇది చాలా బలహీనం. ఆ ఒళ్లు వచ్చింది ఆయన చెప్పిన తిండితోనా, పుట్టుకతో వచ్చిన తీరుతోనా, పదేళ్ల కసరత్తుతోనా, స్టెరాయిడ్ సూదితోనా అన్నది ఫొటో చెప్పదు.

అమెరికాలో లివర్ కింగ్ పేరుతో బ్రయాన్ జాన్సన్ అనే ఆయన పచ్చి కాలేయం తింటూ, చొక్కా లేకుండా వీడియోలు చేసేవాడు. ఆదిమ మానవుల్లా తింటే ఇలాంటి ఒళ్లొస్తుందని చెప్పి సప్లిమెంట్లు అమ్మాడు. 2022 చివర్లో ఆయన ఈమెయిళ్లు బయటపడ్డాయి. నెలకు 11,000 డాలర్లకు పైగా విలువైన స్టెరాయిడ్లు, హార్మోన్లు వాడుతున్నాడని తేలింది. తర్వాత ఆయనే వీడియో పెట్టి ఒప్పుకున్నాడు. అప్పటిదాకా స్టెరాయిడ్లు ముట్టలేదని చెప్తూ వచ్చిన మనిషే.

ఒంటికి బదులు జబ్బును చూపించినవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ అనే యువతి తనకు మెదడు క్యాన్సర్ ఉందని, మంచి తిండితో నెట్టుకొస్తున్నానని చెప్పి యాప్ అమ్మింది, వంటల పుస్తకం వేసింది. 2015లో అసలు క్యాన్సరే లేదని ఒప్పుకుంది. 2017లో కోర్టు 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. సొంత అనుభవం అనగానే మనం మెత్తబడతాం, మన దగ్గర ఇంకా ఎక్కువ. "ఆమెకే తక్కువైంది, మనకు కాదా?" అనుకుంటాం.

ముందు-తర్వాత ఫొటోలకు మోసం కూడా అవసరం లేదు. మొదటి ఫొటో పొద్దున తిన్నాక, ట్యూబ్‌లైట్ కింద, పొట్ట వదిలేసి. రెండోది వర్కౌట్ అయిన వెంటనే, పక్క నుంచి పడే వెలుగులో, ఊపిరి బిగబట్టి. తేడా ఒక్క రోజులోనే తీసుకురావచ్చు. పైగా ఆ డైట్ వంద మంది మొదలుపెడితే మధ్యలో వదిలేసిన తొంభై మంది ఫొటోలు ఎవరూ పెట్టరు.

"10 రోజుల్లో 10 కేజీలు" అనే మాటను అయితే కాగితం మీదే తేల్చేయొచ్చు. ఒక కేజీ కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజుకో కేజీ కొవ్వు కరగాలంటే ఒంట్లో ఖర్చయ్యేదాని కన్నా 7,700 తక్కువ తినాలి. మామూలు మగమనిషి రోజంతా ఖర్చుపెట్టేదే 2,000 నుంచి 2,500. ఏమీ తినకుండా పడుకున్నా లెక్క కుదరదు. మరి తూకంలో మూడు నాలుగు కేజీలు తగ్గినట్టు కనిపిస్తుందే? అది నీళ్ల బరువు. అన్నం, రొట్టె మానేస్తే కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో దాదాపు మూడు గ్రాముల నీళ్లు ఉంటాయి, అవీ వెళ్లిపోతాయి. ఏ దావత్‌లోనో రెండు పూటలు బగారన్నం తింటే మళ్లీ వస్తాయి.

డబ్బా, కోడ్, కమీషన్

డబ్బు తీసుకుంటున్నాడు కాబట్టి అబద్ధం చెప్తున్నాడని అనలేం. డాక్టరూ ఫీజు తీసుకుంటాడు. కానీ వీడియో కింద ఉన్న కూపన్ కోడ్‌తో మీరు కొన్న ప్రతి డబ్బాకూ ఆయనకు కమీషన్ వస్తుంటే, ఆ డబ్బా అవసరం లేదని ఆయన నోటి నుంచి వినడం కష్టం. కోడ్ ఉన్న వీడియోలో సలహా కన్నా ముందు అమ్మకం ఉందనుకుని వినాలి.

డబ్బు లేదా బహుమతి తీసుకుని చెప్తుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని ఆస్కి అనే ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ 2021లోనే నియమం పెట్టింది. 2023 ఆగస్టులో ఇంకో అడుగు వేసి, ఆరోగ్యం గురించి సలహాలిచ్చేవాళ్లు తమ అర్హత ఏంటో చూపించాలంది. వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రచారానికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ప్రచారం చేసినవాళ్లను ఏడాది నుంచి మూడేళ్ల వరకు నిషేధించనూ వచ్చు. తప్పుడు ప్రకటనలో నటించినవాళ్లకూ, ఇన్‌ఫ్లుయెన్సర్లకూ సమాన బాధ్యత ఉంటుందని 2024 మే నెలలో సుప్రీంకోర్టు కూడా అంది. ఇవన్నీ ఉన్నా నెలకు ఎన్ని రీల్స్ వస్తున్నాయో, ఎన్నిటి మీద చర్య ఉంటోందో మీకూ తెలుసు.

ప్రోటీన్ సంగతి తీసుకుంటే రెండు పక్షాలూ గట్టిగా అరుస్తున్నాయి, రెండు పక్షాలకూ కొంత ఆధారం ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు మనిషికి కేజీ బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కండ కోసం పౌడర్లు వద్దని కూడా ఆ సంస్థ చెప్పింది. జిమ్ పక్షం కేజీకి 1.6 గ్రాముల దాకా అంటుంది. బరువులెత్తేవాళ్ల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే ఆ అంకె కూడా గాలిలోంచి పుట్టింది కాదు. సంస్థ చెప్పింది అందరికీ, జిమ్ వాళ్లది బరువులెత్తేవాళ్లకు. గొడవంతా ఈ తేడా చెప్పకపోవడంతోనే.

60 కేజీల పిల్లవాడికి లెక్కేస్తే 0.83 చొప్పున సుమారు 50 గ్రాములు. రోజుకు 300 గ్రాముల బియ్యంలో 24, గుప్పెడు పప్పులో 13, ఒక గుడ్డులో 6, పావు లీటరు పైచిలుకు పాలూ పెరుగులో 9. హాస్టల్ భోజనంతోనే సరిపోయింది. నిజంగా బరువులెత్తుతుంటే 96 కావాలి. ఇంకో రెండు గుడ్లు, 50 గ్రాముల మీల్ మేకర్, గుప్పెడు పల్లీలు కలిపితే అక్కడిదాకా వస్తుంది. ఖర్చు యాభై రూపాయలు కూడా కాదు. వండుకునే వీలు లేదు, తినబుద్ధి కాదు అంటే పౌడర్ తాగడం తప్పేం కాదు, అది పాల నుంచి తీసిన ప్రోటీనే. కానీ అది లేకపోతే కండ రాదనేది అమ్మేవాడి మాట.

డబ్బా కొనేటప్పుడు అడగాల్సింది అసలు అందులో రాసినంత ఉందా అని. కేరళకు చెందిన లివర్ డాక్టర్ సిరియాక్ ఆబీ ఫిలిప్స్ బృందం మన దేశంలో అమ్మే 36 ప్రోటీన్ సప్లిమెంట్లను ల్యాబ్‌లో పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్ లెక్క తప్పు. కొన్నిట్లో రాసిన దానిలో సగమే ఉంది. కాబట్టి ఇన్‌ఫ్లుయెన్సర్‌ను అడగాల్సింది రుచి గురించి కాదు. బయటి ల్యాబ్ రిపోర్ట్ ఉందా, అది ఈ బ్యాచ్‌దేనా? డబ్బా మీద ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉంటుంది, దాన్ని ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు. లైసెన్స్ ఉంటే సరుకు మంచిదని కాదు, కనీసం కంపెనీ ఉందని తెలుస్తుంది.

భయం అమ్మేవాళ్లను కూడా ఇదే మీటర్ కింద పెట్టాలి. "క్రియాటిన్ తాగితే కిడ్నీలు పోతయ్" అనేది అలాంటి మాటే. క్రియాటిన్ అంటే జిమ్‌కు పోయేవాళ్లు బలం కోసం వాడే పౌడర్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకు 3 నుంచి 5 గ్రాములు వాడితే కిడ్నీలు చెడతాయని తేలలేదు. అది వాడేవాళ్ల రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె కొంచెం పెరగొచ్చు, అందుకే పరీక్షకు ముందు డాక్టర్‌కు చెప్పాలి. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్ల సంగతి పూర్తిగా వేరు.

"సైన్స్‌లో తేలింది" అన్నప్పుడు

పేరు ముందు డాక్టర్ అని ఉంటే ఏ డాక్టరో చూడాలి. పీహెచ్‌డీ కావచ్చు, ఫిజియో కావచ్చు, ఎంబీబీఎస్ చేసి చర్మ వైద్యం చేస్తూ గుండె గురించి మాట్లాడేవాళ్లు కావచ్చు. అల్లోపతి డాక్టరైతే మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుంటుంది. "సర్టిఫైడ్ న్యూట్రిషనిస్ట్" అనే మాటకు మాత్రం వారాంతపు ఆన్‌లైన్ కోర్సు కూడా సరిపోతుంది. పోషకాహార చదువులు చదివి, పరీక్ష రాసి రిజిస్టర్డ్ డైటీషియన్ అయినవాళ్లు వేరు.

డిగ్రీ కన్నా నేను ఎక్కువగా చూసేది అంకెలను ఎలా వాడుతున్నారన్నది. ఒక ఉదాహరణ. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని పొగాకు ఉన్న జాబితాలోనే చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందంది. దీన్ని పట్టుకుని "మాంసం తినడం సిగరెట్ తాగడంతో సమానం" అని వీడియోలు వచ్చాయి. ఆ జాబితా చెప్పేది రుజువు ఎంత గట్టిగా ఉందన్నది, ముప్పు ఎంత పెద్దదన్నది కాదు. ఇక ఆ 18 శాతం? జీవితకాలంలో వందలో ఐదుగురికి ఆ జబ్బు వచ్చే చోట అది దాదాపు ఆరుగురు అవుతుంది. ముప్పు నిజమే, కానీ వినగానే అనిపించినంత కాదు. ఆదివారం వండుకునే నాటుకోడి కూర ఆ మాటలోకి రానే రాదు. శాతం చెప్పి, ఎంతలో ఎంత అన్నది చెప్పకపోతే ఆ మాట సగమే. ఎలుకల మీద జరిగిన ప్రయోగాన్ని మనుషులకు చెప్పడం దీనికన్నా ముదురు.

జొన్నరొట్టె బాబాయి సంగతి కూడా అంకెలతోనే తేలుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో పిండిపదార్థం సుమారు 68 గ్రాములు, పాలిష్ బియ్యంలో 78. పీచు మాత్రం జొన్నల్లో 10, బియ్యంలో 3 కూడా లేదు. అంటే అన్నం కన్నా రొట్టె మేలే. కానీ నాలుగు రొట్టెలు తింటే ఆ మేలు కంచంలోనే కరిగిపోతుంది. ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతం దాటొద్దని అదే సంస్థ అంటోంది. కాబట్టి "అన్నం తగ్గించండి" అన్న వీడియో మాట నిజం, "అన్నం విషం" అన్నది వ్యూస్ కోసం. మంచి సలహా చప్పగా ఉంటుంది. రోజూ నడువు, కూర ఎక్కువ, అన్నం తక్కువ, నిద్రపో. దీన్ని రోజుకో వీడియోగా ఎన్నాళ్లని చేస్తారు? అందుకే మొదట నిజాయితీగా మొదలైన చానెల్ కూడా రెండేళ్లకు వింత మాటల్లోకి దిగుతుంది. పాత వీడియోలు మంచివైతే కొత్తవీ మంచివే అవుతాయనే భరోసా అందుకే లేదు.

ఏదైనా డైట్ చేసి చూడాలనిపిస్తే ముందు డాక్టర్‌కు మందుల చీటీ చూపించి అడగండి, మొదలుపెట్టే ముందే హెచ్‌బీఏ1సీ చేయించండి. అది సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్తుంది కాబట్టి పదిహేను రోజుల అద్భుతాలు దాంట్లో కనపడవు, మూడు నెలలకు మళ్లీ చేయిస్తే నిజం కనపడుతుంది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు సర్కారు దవాఖానల్లో ఉచితం. డాక్టర్ రాసిన రక్తపరీక్షలు కూడా తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద పైసా లేకుండా చేస్తారు. వీడియో చూసి కొన్న డబ్బాలో మోసం అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. బిల్లు, డబ్బా మీది బ్యాచ్ నంబర్ ఫొటో, ఆ వీడియో స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి. స్క్రీన్‌షాట్ మాత్రం ఫోన్ చేయడానికి ముందే తీయండి, అలాంటి వీడియోలు డిలీట్ కావడానికి ఎక్కువసేపు పట్టదు.